పట్టు విడిపించే విద్య

కొరియా యుద్ధవిద్య హాప్కిడో నేర్చుకుందామని తెల్లటి దోబొక్ (సాధన దుస్తులు) తొడుక్కుని దోజాంగ్‌లో (సాధనశాలలో) అడుగుపెట్టే కొత్తవాళ్ళ చూపంతా తన్నుల మీదే ఉంటుంది. గురువు మాత్రం నేల మీద పరిచిన మ్యాట్ చూపించి పడమంటాడు. వెనక్కి పడాలి, పక్కకు పడాలి, ముందుకు పల్టీ కొట్టి లేవాలి. గడ్డం ఛాతీకి ఆనించుకోవాలి, తల నేలకు తగలకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. పడుతూ పడుతూ చెయ్యి నిటారుగా ఊనితే మణికట్టు విరగొచ్చు. అందుకే అరచేయి, ముంజేయి కలిపి మ్యాట్‌ను చరిచి, దెబ్బ ఒక్కచోటే పడకుండా చూసుకోవాలి. కొరియన్లు దీన్ని నక్బప్ అంటారు. మొదటి వారాల్లో ఒళ్ళు హూనమవుతుంది, కాస్త చిన్నతనంగానూ ఉంటుంది. ఎదుటివాణ్ణి పడగొడదామని వచ్చి రోజూ తామే పడుతుంటే ఉండదా మరి!

నా లెక్కలో ఈ విద్యలో అన్నిటికన్నా ఖరీదైన పాఠం ఇదే. మీదపడే దుండగుడు జీవితంలో ఒక్కసారైనా ఎదురవకపోవచ్చు. తడిసిన మెట్టూ, జారే బండీ అందరికీ ఎదురయ్యేవే.

హాప్కిడో పుట్టుక కథ ఒక తగవుతో మొదలవుతుంది. ఈ విద్యకు మూలపురుషుడైన చొయ్ యాంగ్‌సుల్ చిన్నప్పుడే జపాన్ చేరి, 1945లో కొరియాకు విముక్తి వచ్చాక తిరిగొచ్చి తేగు నగరంలో స్థిరపడ్డాడు. 1948లో అక్కడి ఒక సారాబట్టీకి పందుల మేత కోసం వెళ్తే కొందరు గొడవకు దిగారట. ఆయన ఒక్కడే వాళ్ళందరినీ మట్టి కరిపించడం బట్టీ యజమాని కొడుకు సొ బొక్‌సొప్ కంటపడింది. అప్పటికే జూడోలో బ్లాక్ బెల్ట్ సంపాదించిన ఆ కుర్రాడు ఆయన్ను పిలిపించి, తనకూ నేర్పమన్నాడు. 1951లో ఇద్దరూ కలిసి దోజాంగ్ తెరిచారు. జపాన్‌లో దైతో-ర్యూ అనే జుజుట్సు శైలి గురువు తకెదా సొకాకు దగ్గర పెరిగానని చొయ్ చెప్పుకునేవాడు. శిష్యుల పేర్లు పుస్తకాలకెక్కించే అలవాటున్న తకెదా రికార్డుల్లో మాత్రం చొయ్ పేరు లేదు. ఆ వాదన అలాగే ఉండిపోయింది. అయినా మణికట్టు మెలికలు చూస్తే జపాన్ విద్య పోలిక దాగదు. ఎత్తు తన్నులు ఆ తర్వాతి తరంతో వచ్చాయి. వాటిని చేర్చినవాళ్ళలో ముఖ్యుడైన చి హాన్‌జె ‘గేమ్ ఆఫ్ డెత్’ సినిమాలో బ్రూస్ లీతో తలపడతాడు.

విద్యార్థికి అసలు పరీక్ష మణికట్టు దగ్గరే. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే మనం చేసే మొదటి పని వెనక్కి లాక్కోవడం. అలా లాగితే పట్టు ఇంకా బిగుస్తుంది, బలమున్నవాడిదే పైచేయి అవుతుంది. హాప్కిడోలో దీనికి సరిగ్గా ఎదురు చేయిస్తారు. వేళ్ళు విప్పార్చి చేతికి బిగువు తెచ్చుకోవాలి. వెనక్కి కాకుండా అతని వైపే అడుగు వెయ్యాలి. మోచేతిని ముందుకు తోస్తూ మణికట్టు సన్నటి అంచును అతని బొటనవేలికీ మిగతా వేళ్ళకూ మధ్యనున్న సందులోకి తిప్పాలి. పట్టులో బలం తక్కువ ఉండేది అక్కడే. ఒడుపు కుదిరిన రోజున చెయ్యి దానంతటదే జారి బయటికొచ్చినట్టుంటుంది, విద్యార్థి నమ్మలేక ఇంకోసారి పట్టుకోమంటాడు. ఎదుటి బలాన్ని ఢీకొట్టకుండా కలుపుకోవడం, గుండ్రంగా తిప్పడం, నీళ్ళలా ఆగకుండా సాగడం అని గురువులు చెప్పే మూడు సూత్రాలు ఉపన్యాసంలో కంటే ఆ క్షణంలోనే బాగా అర్థమవుతాయి.

తర్వాత మెలికలు. మణికట్టును మడిచి, మెలిపెట్టి, నొప్పితో మనిషిని కూర్చోబెట్టే పట్లు. ఇవి నేర్చుకోవాలంటే మన చెయ్యి కూడా జతగాడికి అప్పగించాలి. భరించలేననుకుంటే మ్యాట్ మీదో తొడ మీదో తట్టాలి, తట్టగానే అతను వదలాలి. ఎంత వంచితే ఎక్కడ నొప్పి మొదలవుతుందో తన కీలు మీద తెలిసినవాడే ఎదుటివాడి కీలును జాగ్రత్తగా చూస్తాడు.

చిక్కంతా కూడా ఈ జతలోనే ఉంది. మన స్కూళ్ళలో చాలామందికి తెలిసిన తైక్వాండోలా, జూడోలా హాప్కిడోకు ఒలింపిక్ పోటీ లేదు. గెలుపోటములు తేల్చే అలాంటి వేదిక లేనప్పుడు, జతగాడు మొహమాటపడి తేలిగ్గా పడిపోతే పట్టు పనిచేసిందన్న భ్రమ మిగులుతుంది. ప్రదర్శనల్లో మనుషులు గాల్లోకి ఎగిరి పడటం వెనుక వాళ్ళ నక్బప్ నైపుణ్యం కూడా ఉంటుంది. అది విరగకుండా పడటానికి నేర్చిన విద్య, పట్టు బలానికి సాక్ష్యం కాదు. సన్నగా ఉన్న అమ్మాయికి ఈ సంగతి త్వరగా తెలిసొస్తుంది. బరువైన జతగాడు గట్టిగా బిగించి నిలబడితే వట్టి మెలిక కదలదు. అప్పుడు మంచి గురువు వరస మారుస్తాడు. ముందు మోకాలి కింద ఎముక మీద ఓ తన్ను, లేదా ముఖం వైపు అరచేతి విసురు. అతని ధ్యాస అటు మళ్ళగానే మెలిక. దాంతోపాటు పొట్టలోంచి కిహాప్ అరుపు. బెదురుతో బిగుసుకుపోయిన ఊపిరి బయటికొస్తుంది, చుట్టుపక్కలవాళ్ళూ తిరిగి చూస్తారు.

పై తరగతుల్లో పొట్టి కర్ర, చేతికర్ర, నడుముకు కట్టుకునే బెల్టు కూడా చేతికొస్తాయి. చేతికర్ర పాఠం గొడుగుకీ పనికొస్తుంది. కత్తి ముందు మాత్రం ఏ పట్టునూ నేను నమ్మను. చెక్క కత్తి బదులు మార్కర్ పెన్ను ఇచ్చి సాధన చేయిస్తే దోబొక్ నిండా పడే గీతలే చెబుతాయి, ఎన్నిసార్లు తెగి ఉండేదో. కత్తి కనిపిస్తే చేతిలో ఉన్నది విసిరేసి పరుగెత్తమనే గురువు దగ్గర చేరడం మేలు.

కొన్నేళ్ళు గడిచాక సాధన తీరు మారుతుంది. జతగాడు ముందే చెప్పడు. వెనకనుంచి మెడ పట్టుకుంటాడు, కూర్చున్నప్పుడు జుట్టు అందుకుంటాడు, గోడకు అదిమేస్తాడు. నేర్చుకున్న వందల పట్లలో అప్పుడు చేతికందేవి రెండో మూడో. ఎవరికి ఏవి మిగులుతాయన్నది ఒడ్డూ పొడుగును బట్టి, అలవాటును బట్టి మారుతుంది. పొట్టివాళ్ళకు చాలాసార్లు మోచెయ్యి మిగులుతుంది, పొడుగువాళ్ళకు మోకాలు.