మూతపడిన బంగారు గనులు, ప్రదర్శనశాలలు: వైకినో, కోలారులను గూర్చి ఒక విమర్శ

గని నడచుచున్నంత కాలము దాని చరిత్రను లెక్కల పుస్తకములే వ్రాయును. ఎన్ని టన్నుల రాయి వెలికి వచ్చెను, ఎన్ని ఔన్సుల బంగారము తేలెను, వాటాదారులకు ఎంత లాభము పంచిరి అనునవే అందలి ముఖ్యవిషయములు. గని మూతపడిన పిదప ఆ చరిత్రను ఎవరు చెప్పవలెనను ప్రశ్న పుట్టును. కంపెనీ వెడలిపోవును, యంత్రములు పాత ఇనుము ధరకు పోవును, పనివాండ్ర బిడ్డలు బ్రతుకుతెరువు వెదకుకొనుచు వేరు పట్టణములు చేరుదురు. మిగిలిన గోడలను, గుంటలను, దిబ్బలను చూపి వాటి అర్థము చెప్పగలవారు క్రమముగా తగ్గిపోవుదురు. అట్టి దశలో కొన్ని దేశములయందు స్థానికులు జీతము లేకయే ఒక సంఘముగా కూడి, పాత గనిస్థలములను కాపాడి ప్రదర్శనశాలలుగా నడుపుచున్నారు. అట్టి ప్రయత్నములలో నొకదానిని పరిశీలించి, దాని గుణదోషములను కోలారు బంగారు గనుల చరిత్రతో పోల్చి చూచుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

న్యూజిలాండు ఉత్తర ద్వీపమున, ఒహినెమురి నదీతీరమున వైకినో అను చిన్న ఊరు గలదు. సమీపమందలి వైహీ పట్టణములోని మార్తా గనినుండి వచ్చు రాతిని పొడిచేయుటకు 1897-98 సంవత్సరములలో అచ్చట విక్టోరియా బ్యాటరీ అను కర్మాగారమును నిర్మించిరి. దానిలో 200 ఇనుప రోకళ్లుండెడివి. అవి దినమునకు 800 టన్నులకు పైగా రాతిని దంచగలిగెడివి. మార్తా గని 1952లో మూతపడుటతో ఈ కర్మాగారమునకును పని తీరిపోయెను. నేడచ్చట రోకళ్ల వరుసలు లేవు. కాంక్రీటు పునాదులు, సైనైడు తొట్లను మోసిన స్తంభములు, రాతిని కాల్చిన భూగర్భపు బట్టీలు మాత్రము నిలిచియున్నవి. విక్టోరియా బ్యాటరీ ట్రామ్వే సొసైటీ అను స్వచ్ఛంద సేవకుల సంఘము ఈ స్థలమును కాపాడుచున్నది. సేవకులే చిన్న రైలును నడుపుదురు. వారే సందర్శకులను బట్టీలలోనికి తోడ్కొని పోయి చూపుదురు. పూర్వము విద్యుత్తును మార్చు యంత్రములున్న భవనమే ప్రదర్శనశాల అయినది.

ఈ ప్రయత్నమునందలి మొదటి గుణము సత్యసంధత. శిథిలమును శిథిలముగనే ఉంచి, దానికి అర్థము చెప్పుట అచ్చటి పద్ధతి. రంగులు పూసి, కొత్త గోడలు లేపి, లేని వైభవమును కల్పించుట కంటె ఇది మేలు. రెండవ గుణము సేవకుని మాట. జీతమునకు పనిచేయు మార్గదర్శి కంఠస్థము చేసిన పాఠము నొప్పజెప్పుటకు అవకాశము గలదు. పట్టాలను తానే సరిచేసి, ఇంజనును తానే తుడిచి, ఆ పిమ్మట సందర్శకునితో మాటలాడు మనుష్యునకు ఆ వస్తువుతో నిజమైన పరిచయ మేర్పడును. ఆ పరిచయము అతని మాటలో వినబడక మానదు.

అయినను ఇట్టి స్థలములందు సహజముగా నొక లోపము పొంచియుండును. యంత్రమును ప్రేమించువాడు యంత్రమునే చూపును. రోకళ్లు 200 అని చెప్పుట సులభము. వాటి చప్పుడుమధ్య చెవులు పోగొట్టుకొన్న వారెందరో చెప్పుట కష్టము. పైగా వైకినో రాతిని దంచిన చోటేగాని త్రవ్విన చోటు కాదు. కనుక భూమిలోని చీకటి, ధూళి, సిలికోసిస్ వ్యాధి, సమ్మె మున్నగునవి ఆ స్థలమున కంటికి కనబడవు. అందుచేత వైకినోను చూచినవాడు వైహీని కూడ చూడవలెను. వైహీలో 1912వ సంవత్సరమున గని కార్మికులు దీర్ఘమైన సమ్మె చేసిరి. ఆ కలహమున ఫ్రెడ్ ఇవాన్స్ అను కార్మికుడు దెబ్బలు తిని మరణించెను. ఆ పట్టణపు ప్రదర్శనశాలలో గని కార్మికుల తెగిన బొటనవ్రేళ్లను గాజుపాత్రలో భద్రపరచి చూపుచున్నారు. నష్టపరిహారపు సొమ్ము కొరకు కొందరు తమ వ్రేళ్లను తామే నరకుకొనిరని అచ్చట చెప్పుదురు. వైకినోలోని మహాయంత్రముల పునాదులన్నియు కలిసి చెప్పలేని సంగతిని ఆ చిన్న పాత్ర చెప్పుచున్నది. ఎంత బంగారము తేలెను అను లెక్క యొకటి. ఎంత లేమి యున్నచో మనుష్యుడు తన వ్రేలికి వెల కట్టుకొనును అను లెక్క మరియొకటి. మంచి ప్రదర్శనశాల యందు రెండు లెక్కలును ఉండవలెను.

ఈ న్యూజిలాండు ప్రాంతమునకును కోలారునకును గల సంబంధము కేవలము పోలిక మాత్రమే కాదు. 1799లో శ్రీరంగపట్టణము పతనమైన పిమ్మట మైసూరు సరిహద్దులను కొలుచుచున్న లెఫ్టినెంటు జాన్ వారెన్ 1802లో ఊరిగాము, మారికుప్పము ప్రాంతమున గ్రామస్థులు మన్ను కడిగి బంగారము తీయు విధమును గమనించెను. తరువాత చాల కాలమునకు, న్యూజిలాండులో మావోరీలతో జరిగిన యుద్ధములలో పనిచేసి వచ్చి బెంగుళూరున స్థిరపడిన మైఖేల్ లావెల్ అను ఐరిష్ సైనికుడు 1875లో కోలారున గని త్రవ్వుటకు అనుమతి పొందెను. 1880 నుండి జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీవారు ఆ గనుల నిర్వహణమును చేపట్టిరి. వైకినోకు చేరువనే యున్న కరంగహాకేలో 1889లో సైనైడుతో బంగారమును కరగించి తీయు పద్ధతిని మొదటిసారిగా గనిస్థలమున పరీక్షించిరి. ఆ పద్ధతియే తరువాత కోలారునకు వచ్చెను. నేడు కోలారున కొండలవలె నిలిచియున్న సైనైడు దిబ్బలు ఆ పద్ధతికి సాక్షులు. విద్యుత్తు విషయమున మాత్రము కోలారే ముందు నడచెను. శివసముద్రమునుండి సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగెలు లాగి 1902లోనే గనులకు విద్యుత్తు నందించిరి. వైహీ కంపెనీవారి హొరాహొరా విద్యుత్కేంద్రము 1913లో గాని పని ప్రారంభింపలేదు. తీగెలు చేరిన ఆ భవనమును వైకినోవారు ప్రదర్శనశాలగా నిలుపుకొనిరి. శివసముద్రపు తీగెలు కోలారును చేరిన వృత్తాంతమునకును అట్టి యొక స్థానము తగియున్నది.

కోలారు కథ చిన్నది కాదు. ఛాంపియన్ రీఫ్ గని సుమారు 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను. 1956లో మైసూరు ప్రభుత్వము, 1962లో కేంద్ర ప్రభుత్వము గనులను స్వీకరించెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. అప్పటికి ఆ నేల 800 టన్నులకు పైగా బంగారము నిచ్చియుండెను. 1965లో భూగర్భమున జరిగిన ప్రయోగములలో కాస్మిక్ కిరణములవలన పుట్టు న్యూట్రినోలను ప్రపంచమున మొదటిసారిగా గుర్తించిన స్థలములలో కోలారు ఒకటి. వ్రేలిముద్రలతో నమోదు చేయు విధానమును ఎదిరించి 1930లో వేలకొలది కార్మికులు సమ్మె చేసిన స్థలమును అదియే. వైహీలో గాజుపాత్రలోని వ్రేళ్లు, కోలారున ముద్ర వేయ నిరాకరించిన వ్రేళ్లు రెండును ఒకే చరిత్రయొక్క రెండు పుటలు. ఒకచోట కార్మికుని దేహము సొమ్ముగా మారినది. మరియొకచోట అతనిని అనుమానితునిగా చూచు పద్ధతిని అతడు త్రోసిపుచ్చెను.

ఈ చరిత్రను నేడు ఎక్కువమంది తెలిసికొనుచున్నది ప్రదర్శనశాలలవలన గాక చలనచిత్రములవలన. 2018లోను 2022లోను వెలువడిన కె.జి.ఎఫ్. అను కన్నడ చిత్రములు తెలుగులోనికిని అనువదింపబడి విశేషాదరణము పొందినవి. సైనైడు దిబ్బలు వాటికి రంగస్థల మయ్యెను. చరిత్ర మాత్రము వాటిలో లేదు. అందు కార్మికులు వీరుని రాకకై ఎదురుచూచు బానిసలు. నిజమైన కోలారున కార్మికులు సంఘములు పెట్టుకొని సమ్మెలు చేసినవారు. 2024లో వచ్చిన తంగలాన్ అను తమిళ చిత్రము ఉత్తర ఆర్కాటునుండి వచ్చిన దళితుల శ్రమను కథాకేంద్రముగా గ్రహించినది. ఆ మేరకు అది చరిత్రకు సన్నిహితము. అయినను కల్పన ఎంత మంచిదైనను సాక్ష్యమునకు బదులు కాజాలదు.

ఉత్తర ఆర్కాటు అను పేరును గూర్చి తెలుగువారు ప్రత్యేకముగా ఆలోచింపవలసి యున్నది. కోలారు గనులకు ఆ జిల్లానుండి కూలీలు వచ్చిరని చదివినప్పుడు వారందరును తమిళులేయని భావించుట సామాన్యము. వారిలో అధికసంఖ్యాకులు తమిళులేయనుట నిజము. కాని 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడువరకు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటులోనివే. ఆ జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరే. కనుక 1911కు పూర్వపు పత్రములలో ఆ పేరు కనబడినంతనే కార్మికుని మాతృభాషను నిర్ణయించుట తగదు. గ్రామము పేరు, తాలూకా పేరు చూచి గాని తీర్పు చెప్పరాదు. పరిసర గ్రామముల పేర్లును ఇట్లే సాక్ష్యమిచ్చును. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా ప్రకటించిన లావాశిలలున్న ఊరి పేరు పెద్దపల్లి. ఆ రాళ్ల వయస్సును సందర్శకునకు చెప్పువారు, ఆ ఊరి పేరు ఏ భాషదో కూడ చెప్పిన బాగుండును. ఇది ఇతరుల భాగమును తగ్గించి తెలుగు భాగమును పెంచుటకు కాదు. గనిలోనికి దిగు తొట్టిలో తమిళుడు, తెలుగువాడు, కన్నడిగుడు భుజము భుజము తాకునట్లు నిలిచిరి. వారి జ్ఞాపకములును అట్లే కలిసి నిలువవలెను.

కాలము మాత్రము వేచియుండదు. కోలారునందలి 13 దిబ్బలలోని సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల మట్టిని మరల శుద్ధిచేసి బంగారము తీయు ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గము ఆమోదము తెలిపెను. గాలికి లేచు ధూళితో బాధపడిన ప్రజలకు దిబ్బలు తొలగుట మేలు కావచ్చును; పని దొరకుటయు మేలే. కాని ఆ దిబ్బ ప్రతి పిడికెడును ఒకనాడు ఎవరో భూగర్భమున పగులగొట్టినదే. అది కదలుటకు ముందే దానికి సంబంధించిన మాటలను వ్రాసికొనుట కనీస కర్తవ్యము.

వైకినో పద్ధతిని కోలారునకు యథాతథముగా తెచ్చుట సాధ్యము కాదు. మైళ్లకొలది లోతున నీరు నిండిన గనులను, సైనైడు కలిసిన మట్టిని సేవకుల చేతికి వదలరాదు. అది ప్రభుత్వము, నిపుణులు చేయవలసిన పని. సేవకులు చేయగల పని వేరు. గనిలో దిగి పనిచేసి నేడు వృద్ధులైన వారియొద్దకు పోయి, వారి పనిముట్ల పేర్లను, పనివేళల పేర్లను, రాయి పేలుటకు ముందు వినబడు చప్పుడునకు వారు పెట్టుకొన్న మాటను వారి వారి భాషలలోనే వ్రాసికొనవచ్చును. దీనికి భవనము అక్కరలేదు. ధనము అంతగా అక్కరలేదు. తెలుగు పాఠశాలల విద్యార్థులు తమ తాతల ముందు కూర్చుండి చేయగల పని యిది. వైకినోలో ఇనుము పోయినను పునాదులు మిగిలినవి. కోలారున ఆ తరము పోయినచో ఆ మాటలకు పునాది సైతము మిగులదు. ప్రదర్శనశాల తలుపులు ఎప్పుడు తెరచినను తెరువవచ్చును. అందుంచదగిన మాటలను సేకరించుటకు మాత్రము ఇదియే సమయము.