స్వతంత్రత ఇచ్చే భరోసా, ఇవ్వలేని భరోసా

బాచుపల్లిలో ఒకవైపు డాక్టర్ రెడ్డీస్ ఫార్ములేషన్ కర్మాగారాలు, మరోవైపు గోకరాజు రంగరాజు ఫార్మసీ కళాశాల ఉండటం వల్ల, మాత్రలు తయారుచేసేవారూ వాటిని పరీక్షించడం నేర్చుకునేవారూ ఒకే ఊరి పొలిమేరల్లో కనిపిస్తారు. ఈ రంగంలోని పరీక్షల్లో అతి సామాన్యంగా కనిపించేదీ, నిజానికి లోతైన గణితం మీద ఆధారపడినదీ, ఇరవై మాత్రల తూకం. భారత ఫార్మకోపియా ప్రకారం ఇరవై మాత్రలను ఏరి, ఒక్కొక్కదాన్ని విడిగా తూచి, సగటు కడతారు. సగటు 250 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉన్నప్పుడు, ఆ సగటు నుంచి 5 శాతానికి మించి తేడా ఉన్న మాత్రలు రెండుకు మించకూడదు, ఏ ఒక్కటీ 10 శాతం దాటకూడదు. సగటు 600 మిల్లీగ్రాములైతే ఈ హద్దులు 30, 60 మిల్లీగ్రాములు అవుతాయి. నిబంధన రాసినవారు సగటుతోనే తృప్తిపడక విడి మాత్రను కూడా పట్టించుకోవడం ఎంతో వివేకవంతమైన పని, ఎందుకంటే సగటు ఎంత కచ్చితంగా కుదిరినా రోగి వేసుకునేది ఒక్క మాత్రనే.

యంత్రం నుంచి బయటపడేదాకా మాత్ర బరువు ఇంత అని తేల్చి చెప్పలేము. ఇలా అవకాశాన్ని బట్టి విలువ పొందే రాశిని యాదృచ్ఛిక చలరాశి అంటారు. ఒకదాని విలువ తెలిసినా రెండోదాని గురించి కొత్తగా ఏమీ తెలియకపోతే ఆ రెండూ పరస్పరం స్వతంత్రమైనవి. అటువంటి రాశులను వరుసగా తీసుకుని సగటు కడుతూ పోతే, ఆ సగటు ఒక స్థిర విలువకు చేరువవుతుందని చెప్పేదే బృహత్ సంఖ్యా నియమం. దాని తొలి రుజువు జాకబ్ బెర్నూలీ మరణించిన ఎనిమిదేళ్లకు, 1713లో, ‘ఆర్స్ కంజెక్టాండి’ గ్రంథంలో వెలువడగా, 1867లో చెబిషేవ్ దాన్ని ఎంతో సరళంగా, విస్తృతంగా తిరిగి నిరూపించాడు. విడి మాత్రల బరువుల్లో క్రమవిచలనం, అంటే సగటు చుట్టూ ఉండే చెదురు కొలత, 10 మిల్లీగ్రాములు అనుకుంటే, ఇరవై స్వతంత్ర మాత్రల సగటుకు అది 10ని ఇరవై వర్గమూలంతో భాగించగా వచ్చే 2.24 మిల్లీగ్రాములకు తగ్గుతుంది.

అయితే ఈ లెక్క అంతా స్వతంత్రత అనే ఒక్క షరతు మీద నిలిచి ఉంది, మాత్రలు అచ్చువేసే ప్రెస్ దగ్గర ఆ షరతు దానంతట అది నెరవేరదు. దానికి పొడి అందించే హాపర్‌లోని గ్రాన్యూల్స్, అంటే రేణువులు, అడుగంటే వేళకు సన్నవీ ముతకవీ వేరుపడవచ్చు. అప్పుడు వెంటవెంటనే పడే మాత్రలన్నీ ఒకే దిశలో బరువు తప్పుతాయి. ఏ రెండు మాత్రల మధ్యనైనా 0.1 పాటి స్వల్ప సహసంబంధం ఉందనుకుంటే, ఇరవై మాత్రల సగటుకు క్రమవిచలనం 2.24 కాక 3.8 మిల్లీగ్రాములు అవుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఇరవైకి బదులు లక్ష మాత్రలు తూచినా అది 3.16 మిల్లీగ్రాములకు దిగువకు రాదు, అంటే ఆ లక్ష మాత్రలు ఇచ్చే సమాచారం పది స్వతంత్ర మాత్రలు ఇచ్చే సమాచారాన్ని మించదు. అందుచేత శాంపిల్ తీసే పనిలోని నైపుణ్యమంతా ఎన్ని తీశారన్న దానికన్నా ఎక్కడెక్కడ, ఎప్పుడెప్పుడు తీశారన్న దానిలోనే ఉందని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయం. బ్యాచ్ మొదట్లో, నడుమ, చివర వేర్వేరు వేళల్లో ఏరిన ఇరవై మాత్రలు, ఒక్కసారి దోసిలి పట్టి తీసిన రెండు వందల మాత్రలకంటే ఎక్కువ చెప్పగలవు.

ఈ శాస్త్రంలో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. 1920లో హడగలిలో పుట్టి, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు పేరిట ఒక గణిత, గణాంక సంస్థ గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది. 1948లో ఆయన ప్రతిపాదించిన స్కోర్ పరీక్ష, స్వతంత్ర రాశుల మొత్తాలు గంట ఆకారపు సామాన్య విభాజనానికి చేరువవుతాయనే కేంద్రీయ అవధి సిద్ధాంతం ఆధారంగానే పనిచేస్తుంది. ఆయన వద్ద పరిశోధన చేసిన మద్రాసు యువకుడు వరదన్ సిద్ధాంతవ్యాసాన్ని పరీక్షించినవారిలో ప్రసిద్ధ గణితవేత్త కొల్మొగొరోవ్ ఉన్నాడు. సగటు తన స్థిర విలువ నుంచి ఒక నిర్ణీత దూరం తప్పే సంభావ్యత ఎంత వేగంగా క్షీణిస్తుందో తేల్చే సిద్ధాంతాన్ని నిర్మించినందుకు వరదన్‌కు 2007లో ఏబెల్ బహుమతి లభించింది. స్థూలంగా చెప్పాలంటే, శాంపిల్ పరిమాణం రెట్టింపైతే నూటికి ఒకటిగా ఉన్న ఆ సంభావ్యత పదివేలకు ఒకటిగా మారుతుంది.

స్వతంత్రత సగటుకు మేలు చేసే గుణమే అయినా, అరుదైన తప్పుల విషయంలో దాని స్వభావం వేరు. ఒక కర్మాగారం క్రమంగా మెరుగుపడుతూ, వందో బ్యాచ్‌లో తప్పు జరిగే సంభావ్యత 1/100, వేయో బ్యాచ్‌లో 1/1000 అయ్యేలా సాగుతోందని, తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరుగుతాయని భావిద్దాం. సంభావ్యత సున్నాకు చేరుతోంది కనుక తప్పులు ఏనాటికైనా ఆగిపోతాయని అనిపిస్తుంది. కానీ 1001 నుంచి 2000 వరకు ఏ బ్యాచ్‌లోనూ తప్పు జరగకపోవడానికి సంభావ్యతను 1000/1001, 1001/1002 అంటూ 1999/2000 దాకా గుణిస్తే, నడుమ ఉన్న సంఖ్యలన్నీ కొట్టివేతకు గురై సరిగ్గా సగం మిగులుతుంది. పది లక్షలు దాటాక ఇరవై లక్షల వరకు లెక్కించినా అదే సగం. కనుక తప్పులు అంతకంతకూ అరుదవుతాయే తప్ప ఎన్నటికీ ఆగవు. 1909లో బోరెల్, 1917లో కాంటెల్లీ రూపొందించిన సూత్రాలు ఈ సంగతిని సాధారణ రూపంలో నిరూపిస్తాయి. ఒక్కొక్క దశలో తప్పు జరిగే అవకాశం క్షీణించడం సంభావ్యతాపరమైన అభిసరణ కాగా, మొత్తం వరుసలో తప్పులు పరిమిత సంఖ్యలోనే ఉండటం దానికంటే బలమైన, దాదాపు నిశ్చిత అభిసరణ.

ఇవే సంభావ్యతలు ఉన్నా, తప్పులన్నీ ఒకే మూలకారణం నుంచి పుట్టినప్పుడు ఫలితం తలకిందులు కావచ్చు. సున్నాకూ ఒకటికీ మధ్య ఒకే ఒక్క సంఖ్యను మొదట లాటరీ తీసి, దానికంటే బ్యాచ్ వరుస సంఖ్య విలోమం పెద్దదిగా ఉన్నంతకాలం తప్పు జరుగుతుందని పెట్టుకుంటే, ఒక దశ తర్వాత తప్పు మళ్లీ తలెత్తదు. స్వతంత్రంగా జరిగే తప్పులకు అటువంటి ముగింపు కావాలంటే వాటి సంభావ్యత మరింత వేగంగా, వరుస సంఖ్య వర్గానికి విలోమంగా తగ్గినా చాలు. అప్పుడు వేయో బ్యాచ్ దాటాక ఇక ఎన్నటికీ ఒక్క తప్పూ జరగకపోవడానికి సంభావ్యత 1000/1001.