ప్రపంచీకరణ - వడ్డీ: స్టిగ్లిట్జ్ గ్రంథంపై ఒక విమర్శ

జోసెఫ్ స్టిగ్లిట్జ్ 1997 నుండి 2000 వరకు ప్రపంచ బ్యాంకు ప్రధాన ఆర్థికవేత్తగా పనిచేశారు. 2001లో నోబెల్ బహుమతి పొందారు. మరుసటి యేడు వెలువడిన ఆయన గ్రంథం 'గ్లోబలైజేషన్ అండ్ ఇట్స్ డిస్‌కంటెంట్స్' ముస్లిం పాఠకులకు సహజంగానే నచ్చుతుంది. లోపలి మనిషి చెప్పిన సాక్ష్యానికి బలం ఎక్కువ. అయితే నచ్చిన గ్రంథాన్నే మరింత జాగ్రత్తగా పరీక్షించవలసి ఉన్నది.

గ్రంథంలో బలమైన భాగం తూర్పు ఆసియా సంక్షోభాన్ని గూర్చినది. 1997 జూలై 2న థాయిలాండు తన బాత్ విలువను మార్కెట్టుకు వదిలివేసింది. కొద్ది నెలల్లోనే ఇండోనేషియా, మలేషియా, దక్షిణ కొరియాలు కూడా సంక్షోభంలో చిక్కుకున్నాయి. ఖర్చు తగ్గించండి, వడ్డీరేట్లు పెంచండి అన్నది అంతర్జాతీయ ద్రవ్యనిధి సలహా. కాని ఈ దేశాలలో దుబారా చేసినవి ప్రభుత్వాలు కావు. అప్పులు ప్రధానంగా ప్రైవేటు సంస్థలవి. రోగమొకటి, మందు మరొకటి. అప్పుల్లో మునిగిన సంస్థలను హెచ్చు వడ్డీ దివాలా తీయించింది. ఇండోనేషియాలో 1998 మేలో ఇంధన సబ్సిడీల కోతతో ధరలు పెరిగాయి. అదే నెలలో అల్లర్లు చెలరేగి, 21న సుహార్తో రాజీనామా చేశారు. ఈ విశ్లేషణ సరైనదే.

లోపం ఆ తరువాత కనిపిస్తుంది. స్టిగ్లిట్జ్ తప్పుపట్టేది వడ్డీ రేటును. వడ్డీ ఒప్పందాన్ని కాదు. సంక్షోభానికి ముందు డాలరు సుమారు 2,400 రూపియాలు. 1998 జనవరిలో 10,000 దాటింది. వెయ్యి డాలర్లు అప్పు తెచ్చినవాడు 24 లక్షల రూపియాలకు బదులు కోటికి పైగా చెల్లించాలి. వ్యాపారం నష్టపోయినా, కరెన్సీ పడిపోయినా భారమంతా అప్పు తీసుకున్నవానిదే. ఒప్పందం ప్రకారం అప్పు ఇచ్చినవాని రాబడికి తరుగు లేదు. ఇస్లాం వడ్డీని నిషేధించడంలోని న్యాయం ఇక్కడ స్పష్టమవుతుంది. గ్రంథకర్త ఈ గుమ్మం దాకా వచ్చి లోపలికి అడుగుపెట్టలేదు.

అలాగని, 'వడ్డీ పోతే సంక్షోభం పోతుంది' అని సరిపెట్టుకోవడం కూడా తగదు. మలేషియా స్వల్పకాలిక విదేశీ అప్పు పొరుగు దేశాలతో పోల్చితే తక్కువ. అక్కడినుండి తరలిపోయిన సొమ్ములో పెద్దభాగం షేర్లలో పెట్టినది. షేర్లకు వడ్డీ లేదు. లాభనష్టాలలో వాటా ఉన్నది. అయినా ఆ సొమ్ము నిలువలేదు. గంటలో అమ్ముకుని పోగలిగినవాడు పేరుకే భాగస్వామి. ముషారకా ఆశయం మాత్రం పెట్టుబడి పెట్టినవాడు కష్టసుఖాలలో పాలుపంచుకోవడం. 1998 సెప్టెంబరు 1న మలేషియా విదేశీ షేరు పెట్టుబడి పన్నెండు నెలలపాటు దేశం దాటరాదని ఆంక్ష విధించింది. మరునాడు డాలరుకు 3.80 రింగిట్‌లుగా విలువను స్థిరపరచింది. షరీఅత్ పేరెత్తకుండానే తీసుకున్న ఆ చర్య, ఆ ఆశయానికి దగ్గరగా వచ్చింది.

ఈ ఆంక్షల వల్లనే మలేషియా త్వరగా కోలుకున్నదని స్టిగ్లిట్జ్ తీర్పు. ఇది వివాదాస్పదం. ఆంక్షలు సంక్షోభం మొదలైన యేడాది తరువాత వచ్చాయి. ద్రవ్యనిధి షరతులను అంగీకరించిన కొరియా కూడా 1999లో వేగంగా కోలుకున్నది. అయితే ఒక్కటి నిజం: ఆంక్షలతో నాశనం తప్పదన్న జోస్యాలు ఫలించలేదు. 2012లో ద్రవ్యనిధి స్వయంగా, కొన్ని పరిస్థితులలో అట్టి నియంత్రణలు ఉపయోగకరమని ఒప్పుకున్నది.

ఇక ముస్లిం సమాజం తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నది. జకార్తాలో డాలరు అప్పులకు సంతకాలు చేసినవారు విదేశీయులు కారు. పాలకుని బంధుమిత్రులకు దక్కిన గుత్తాధిపత్యాలు వాషింగ్టన్‌లో పుట్టినవి కావు. సంపద ధనికుల నడుమనే చుట్టితిరగకూడదన్న సూరా అల్ హష్ర్ నియమం (59:7) ద్రవ్యనిధిని విమర్శించడానికి ఎంత ఆధారమో, ముస్లిం పాలకులను నిలదీయడానికీ అంతే ఆధారం. మొదటి పని స్టిగ్లిట్జ్ చేశారు; రెండవది విశ్వాసుల బాధ్యత.