ఫైన్‌మన్ ఉపన్యాసాలలో చంద్రుడు, గ్రహాలు

బి.ఎస్‌సి.లో భౌతికశాస్త్రము తీసుకొన్న విద్యార్థికి ఖగోళశాస్త్రము ఎంత అందుచున్నది? కెప్లర్ నియమాలు మూడు, వాటి నిరూపణలు. పరీక్ష దాకా జ్ఞాపకము, ఆ తరువాత మరపు. నేనును అట్లే చదివినాను. మా కళాశాలలో దూరదర్శిని లేకపోలేదు. బీరువాలో ఉండేది, తాళము వేసి. బృహస్పతి ఉపగ్రహాలను ఒక్కసారియైనా చూడకుండానే పట్టము పుచ్చుకొన్నాను.

ఈ లోటు తీర్చునని పలువురు ఉపాధ్యాయులు చెప్పే గ్రంథము ఫైన్‌మన్ భౌతికశాస్త్రోపన్యాసాలు. 1961-63లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో మొదటి రెండు సంవత్సరాల విద్యార్థులకు ఆయన చెప్పిన పాఠాలివి. మొదటి సంపుటము 1963లో వెలువడినది. ఇప్పుడు అంతర్జాలములో ఉచితముగా చదువుకొనవచ్చును. ఇందులో ఏడవ, తొమ్మిదవ అధ్యాయాలను మాత్రమే ఇక్కడ పరిశీలించెదను.

ఏడవ అధ్యాయము గురుత్వాకర్షణను గురించినది. టైకో పరిశీలనలతో మొదలై, కెప్లర్, న్యూటన్, నెప్ట్యూన్ ఆవిష్కరణము, కేవెండిష్ ప్రయోగము, నక్షత్రగుచ్ఛాల వరకు ఒకే ఊపులో సాగును. ఒకే నియమము చెట్టు మీది పండుకు, నక్షత్రాల గుంపుకు వర్తించునన్న ఆశ్చర్యము విద్యార్థికి ఇంత సూటిగా కలిగించిన పాఠ్యగ్రంథమును నేనెరుగను.

కాని ఒకచోట పట్టు సడలినది. చంద్రుడు కూడ భూమి వైపు పడుచునే ఉన్నాడని చూపుటకు, ఒక సెకనులో ఎంత పడునో లెక్కించవలెను. అందుకు చంద్రుడు భూమిని చుట్టివచ్చు కాలము సుమారు 29 దినాలని ఫైన్‌మన్ అన్నాడు. మన పంచాంగము ఎరిగిన పల్లెటూరి పెద్ద ఇక్కడ తల అడ్డముగా ఊపును. పౌర్ణమి నుండి పౌర్ణమికి 29½ దినాలు నిజమే. ఆ లోగా భూమి సూర్యుని చుట్టు కొంత ముందుకు జరిగినది గనుక చంద్రుడు అదనముగా నడువవలసివచ్చును. నక్షత్రాల నడుమ ఒక చుట్టుకు పట్టేది 27⅓ దినాలే. మన నక్షత్రాలు 27 అగుటకు మూలము ఇదే. లెక్కకు కావలసినది ఈ రెండవది. దానితో సెకనుకు సుమారు 1.4 మిల్లీమీటర్లు వచ్చును. నేల మీద పడు 4.9 మీటర్లలో ఇది 3600వ వంతు. చంద్రుని దూరము భూవ్యాసార్ధానికి 60 రెట్లు. ఫైన్‌మన్ ఉజ్జాయింపుగా అంగుళములో ఇరువదవ వంతన్నాడు గనుక ఫలితము చెడలేదు. అయినను ఆకాశమును చూచేవాడు చేయని పొరపాటు ఇది.

తొమ్మిదవ అధ్యాయము నాకు మరింత విలువైనదిగా తోచినది. గ్రహకక్ష్యను సూత్రములతో గాక, కూడికలు తీసివేతలతో అడుగడుగున గీయించును. గ్రహము సూర్యునికి 0.5 దూరములో, 1.63 వేగముతో బయలుదేరును. కాలపు అడుగు 0.1. దీర్ఘవృత్తపు రెండవ కొన పట్టికలో 1.022 దూరములో తేలినది. మా తరగతిలో శక్తినిత్యత్వముతో సరిచూచితిమి: రావలసినది 0.989. గ్రంథకర్త తన జవాబును మరొక విధముగా సరిచూచినాడు. కాని పట్టికలో తేలిన కక్ష్య పరిమాణమునే అందుకు వాడుకొనుటచేత ఈ తేడా బయటపడలేదు. అడుగును సగము చేసి విద్యార్థులు మరల లెక్కించగా జవాబు 0.989 వైపు జరిగినది. ఆ సాయంకాలము నాలుగున్నర గంట మ్రోగినను ఎవరును లేవలేదు.

అధ్యాయాల చివర అభ్యాసాలు లేకపోవుట మన విద్యార్థికి పెద్ద ఇబ్బంది. అవి వేరొక పుస్తకముగా వచ్చినవి. ఈ పాఠాలు విద్యార్థులకు అంతగా మేలు చేయలేదేమోనని ఫైన్‌మన్ తానే ముందుమాటలో సందేహము వెలిబుచ్చినాడు. ఆ సందేహము కొంత న్యాయమే. రోమర్ బృహస్పతి ఉపగ్రహాల వలన కాంతివేగమును కనుగొన్న కథ రసవత్తరముగా ఉన్నది; పోయి ఆ ఉపగ్రహాలను చూడుమని మాత్రము లేదు. సామాన్యమైన బైనాక్యులర్‌ను గోడకు ఆనించి పట్టుకొన్నను నాలుగును కనిపించును. ఐయో 1.77 దినాలకు, కాలిస్టో 16.7 దినాలకు ఒక చుట్టు తిరుగును. కాలిస్టో దూరము ఐయో దూరానికి 4.46 రెట్లు. 4.46ను ఘనము చేసి వర్గమూలము తీయండి, 16.7ను 1.77తో భాగించండి. ఈ పని గ్రంథములో లేదు. నేను మాత్రము ఏడవ అధ్యాయము చెప్పుటకు ముందు, బృహస్పతి సాయంకాలము కనిపించు నెలలలో, దీనినే చేయించుచున్నాను.