వెడ్జ్ అడుగు చూసి కొనాలి

గోల్ఫ్ వెడ్జ్‌లో అందరి కళ్లూ మొహం మీదే ఉంటాయి, ఆటను నిర్ణయించేది మాత్రం అడుగుభాగం. ఆటగాళ్ల మాటలో దాన్ని సోల్ అంటారు. బంతిని పైకి లేపే పని మొహం వాలుది, అంటే లాఫ్ట్‌ది. ఆ మొహం బంతి దాకా సవ్యంగా చేరుతుందా, దారిలోనే నేలలో కూరుకుపోతుందా అన్నది సోల్ తేలుస్తుంది.

షాఫ్ట్‌ను నిటారుగా పట్టుకుని వెడ్జ్‌ను చదునైన చోట ఆనిస్తే ముందంచు నేలను తాకదు. సోల్‌లో కాస్త వెనకున్న భాగం తాకుతుంది, ముందంచు కొద్దిగా పైకి లేచి ఉంటుంది. ముందంచు నుంచి నేలను తాకే చోటు దాకా గీసిన గీతకూ నేలకూ మధ్య ఉండే కోణమే బౌన్స్. 4 నుంచి 6 డిగ్రీలైతే తక్కువ, 7 నుంచి 10 అయితే మధ్యస్థం, 10 దాటితే ఎక్కువ అని లెక్క. క్లబ్ మీద 56, 12 అని చెక్కి ఉంటే లాఫ్ట్ 56 డిగ్రీలు, బౌన్స్ 12 డిగ్రీలు. బౌన్స్ తక్కువైన వెడ్జ్ నాగలి కర్రులా నేలలోకి దిగుతుంది. ఎక్కువైతే సోల్ నేల మీద ఆని, జారి, ముందుకు సాగుతుంది.

ఎండలు ముదిరేసరికి ఏటా ఒకే సలహా మళ్లీ చెలామణిలోకి వస్తుంది: నేల గట్టిపడింది కాబట్టి బౌన్స్ తక్కువున్న వెడ్జ్‌కి మారాలని. గట్టి నేలకు తక్కువ, మెత్తటి నేలకు ఎక్కువ అన్న ఈ సూత్రం పుస్తకాల్లో ఉన్నదే, తర్కానికీ నిలుస్తుంది. అయితే దాన్ని ఎంత దూరం నమ్మాలో తెలియాలంటే అసలు ఈ కోణం ఏ అవసరం కోసం పుట్టిందో చూడాలి. అక్కడ గోల్ఫ్ ఆటగాడు జీన్ సారజెన్ వస్తాడు.

1930కి ముందు బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, పడ్డ బంతిని నిబ్లిక్ అనే క్లబ్‌తో కొట్టేవారు. దాని సోల్ సన్నం, అంచు పదును. కాస్త వెనక తగిలితే చాలు, ఇసుకలో దిగబడి ఆగిపోయేది. బంతిని ఇసుక తగలకుండా నున్నగా తీయాలి, లేదా ఒక స్ట్రోక్ వదులుకోవాలి. పెద్ద పెద్ద ఆటగాళ్లకే బంకర్ అంటే హడలు. టెక్సస్‌కు చెందిన ఎడ్విన్ మెక్లెయిన్ దీనికి విరుగుడుగా గరిటెలా గుంట పడిన మొహంతో బరువైన వెడ్జ్ చేశాడు. 1930 బ్రిటిష్ ఓపెన్ చివరి రౌండ్‌లో, హోయ్‌లేక్ 16వ హోల్ దగ్గర బాబీ జోన్స్ అలాంటి క్లబ్‌తోనే బంకర్‌లోంచి బంతిని జెండా పక్కకు చేర్చాడు. గుంట మొహం బంతిని ఒకే దెబ్బలో రెండుసార్లు తాకుతుందన్న అభ్యంతరంతో 1931లో దాన్ని నిషేధించారు.

నిషేధం మొహానికే వర్తించింది. సోల్ జోలికి ఎవరూ పోలేదు. సారజెన్ గొప్పతనం ఆ ఖాళీని చూడటంలో ఉంది. విమానం గాల్లోకి లేస్తుంటే తోక కిందికి దిగి ముక్కు పైకి లేవడం గమనించాననీ, క్లబ్‌కి కూడా వెనక భాగం కిందికి దిగితే ముందంచు దానంతటదే పైకి లేస్తుందని తోచిందనీ ఆయనే చెప్పుకున్నాడు. ఫ్లోరిడాలోని న్యూ పోర్ట్ రిచీలో నిబ్లిక్ సోల్ వెనక వైపున లోహాన్ని కరిగించి అతికించాడు, ఆకురాయితో అరగదీశాడు, ఇసుకలో కొట్టి చూశాడు, మళ్లీ అతికించాడు. చివరికి బంతికి వెనక ఇసుకను కొట్టినా క్లబ్ దిగబడకుండా, ఇసుకతో పాటు బంతినీ ఎగరేసుకుని బయటికి వచ్చే సోల్ కుదిరింది. 1932 బ్రిటిష్ ఓపెన్‌కు దాన్ని ప్రిన్సెస్ మైదానానికి తీసుకెళ్లాడు. అధికారుల కంట పడితే అదీ నిషేధిస్తారేమోనని రాత్రిళ్లు కోటు కింద దాచి గదికి తెచ్చుకునేవాడు. 283 స్కోరుతో, 5 స్ట్రోక్‌ల తేడాతో గెలిచాడు. అదే నెలలో ఫ్రెష్ మెడోలో చివరి రౌండ్ 66 కొట్టి యూఎస్ ఓపెన్ కూడా గెలిచాడు.

ఈ కథలో గమనించాల్సిన విషయం ఒకటే. కచ్చితంగా కొట్టలేని దెబ్బను కూడా కాపాడటానికే బౌన్స్ పుట్టింది. బంతికి రెండు వేళ్ల వెనక తగిలినా పని జరగాలన్నదే దాని ఉద్దేశం.

సారజెన్ తర్వాత సోల్ చెక్కడం ఒక విద్యగా ఎదిగింది. ముందంచును గుండ్రం చేయడం, వెనకంచును చెక్కేయడం, మడమ వైపు లోహం తగ్గించడం, సోల్ అడ్డకొలతను పెంచడం, తగ్గించడం: వీటన్నిటినీ కలిపి గ్రైండ్ అంటారు. టైటిలిస్ట్‌లో బాబ్ వోకీ రూపొందించిన వెడ్జ్‌ల మీద కనిపించే ఎఫ్, ఎస్, ఎం, కె, ఎల్ అక్షరాలు వీటి పేర్లే. ఎఫ్‌లో సోల్ నిండుగా ఉంటుంది, నేరు మొహంతో కొట్టేవాళ్లకు పనికొస్తుంది. ఎం గ్రైండ్‌లో మడమ, కొస, వెనకంచు మూడూ చెక్కి ఉంటాయి. మొహాన్ని తెరిచి పడుకోబెట్టినా ముందంచు మరీ పైకి లేవదు. కె అన్నిటికంటే వెడల్పు. బౌన్స్ సంఖ్య ఒకటే అయినా సన్నటి సోల్ నేలలో దిగుతుంది, వెడల్పాటి సోల్ తేలుతుంది. సంఖ్య ఒక్కటే చూసి వెడ్జ్ కొనకూడదనేది అందుకే.

చేతి తీరును బట్టి కూడా ఆ సంఖ్య మారిపోతుంది. దెబ్బ సమయానికి చేతులు బంతికన్నా ముందుండి షాఫ్ట్ 5 డిగ్రీలు ముందుకు వాలిందనుకుంటే, 12 డిగ్రీల బౌన్స్ 7కి పడిపోతుంది, 56 డిగ్రీల లాఫ్ట్ 51 అవుతుంది. మొహం తెరిస్తే బౌన్స్ పెరుగుతుంది. నిటారుగా దిగే స్వింగ్ ఉన్నవాళ్లు లోతైన గడ్డిపెళ్లలు లేపుతారు, వాళ్లకు బౌన్స్ ఎక్కువ కావాలి. గడ్డిని రాసుకుంటూ పోయేవాళ్లు తక్కువతో సరిపెట్టుకోగలరు. తనది ఏ తీరో తెలియనివాళ్లు కొన్నాళ్లు వాడిన వెడ్జ్‌ను తిరగేసి వెలుతురుకు పట్టి చూడాలి. పూత గీసుకుపోయి మసకబారిన మచ్చ ముందంచుకు ఆనుకుని ఉంటే స్వింగ్ నిటారుగా దిగుతున్నట్టే. సోల్ మధ్యలోనో వెనకో ఉంటే స్వింగ్ చదును. మడమ వైపుకు జరిగి ఉంటే మొహం తెరిచే అలవాటు గానీ, లై కోణం (షాఫ్ట్‌కూ నేలకూ మధ్య కోణం) సరిపడకపోవడం గానీ కారణం కావచ్చు.

ఇక నేల. గోల్కొండ నయా ఖిల్లాలోని హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లో మే నెల ఎండకు బిగిసిన నేల వేరు, వానలు పడ్డాక మెత్తబడిన నేల వేరు. రెండింటికీ ఒకే వెడ్జ్ ఎలా పనికొస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే లెక్క వేసి చూడాలి. ముందంచు నుంచి నేలను తాకే చోటుకు 12 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, 8 డిగ్రీల బౌన్స్‌లో ముందంచు సుమారు 1.7 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 12 డిగ్రీలలో సుమారు 2.5. తేడా ఒక్క మిల్లీమీటరు కూడా లేదు. గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, అంటే దాని నడిబొడ్డు నేలకు 21 మిల్లీమీటర్ల పైన ఉంటుంది. మొహం నేరుగా ఉన్నంతవరకూ ఆ మిల్లీమీటరు వల్ల బంతి నెత్తిన తగలడం జరగదు. నెత్తిన తగిలే దెబ్బల్లో చాలావాటికి కారణం వేరే ఉంటుంది: క్లబ్ నేలలో దిగబడుతుందన్న భయంతో చేతులు చివరి క్షణంలో పైకి లాగేస్తాయి. బౌన్స్ తగ్గిస్తే ఆ భయం పెరుగుతుంది.

గడ్డి కూడా బౌన్స్ తగ్గించొద్దనే పక్షానే ఉంది. మన మైదానాల్లోనూ, డాలస్, అట్లాంటా ప్రాంతాల్లోని తెలుగువాళ్లు ఆడే చాలా మైదానాల్లోనూ బెర్ముడా గడ్డి ఉంటుంది. దాని పరక ఎదురు తిరిగి ఉన్నచోట సన్నటి ముందంచును పట్టేస్తుంది. కింద నేల రాయిలా ఉన్నా దెబ్బ అక్కడే ఆగిపోతుంది. కాబట్టి వారానికి ఒకటి రెండుసార్లు ఆడేవాళ్లకు ఎండాకాలం సలహా తలకిందులు చేసి చెప్పాలి: నేల గట్టిపడినా బౌన్స్ తగ్గించొద్దు, మొహం తెరవడం మానాలి.

తక్కువ బౌన్స్‌కు చోటు లేదని కాదు. బంకర్‌లో ఇసుక పలచబడి అడుగు గట్టిగా తగులుతుంటే అది కావాలి. బంతి ఇసుకలో సగం పూడిపోయినప్పుడు దిగే అంచే మేలు. గ్రీన్ చుట్టూ మొహం తెరిచి ఎత్తుగా లేపే చేయి తిరిగినవాళ్లకు 58, 60 డిగ్రీల లాబ్ వెడ్జ్‌లో 6 నుంచి 8 డిగ్రీల బౌన్స్ బాగుంటుంది. మిగిలిన వెడ్జ్‌ల ఎంపిక తేలిక. పిచింగ్ వెడ్జ్ ఐరన్ల సెట్‌తోనే వస్తుంది, దాని సోల్ గురించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. 50, 52 డిగ్రీల వెడ్జ్‌తో ఎక్కువగా నిండు దెబ్బలే కొడతారు కాబట్టి మధ్యస్థం చాలు. 54, 56 డిగ్రీల శాండ్ వెడ్జ్‌కు 12, 14 డిగ్రీల బౌన్స్, కాస్త వెడల్పాటి సోల్ తీసుకోవాలి. సంచిలో 14 క్లబ్‌లకు మించి పెట్టకూడదు గనుక లాబ్ వెడ్జ్ వాడకం తెలియనివాళ్లు ఆ చోటును ఇంకో క్లబ్‌కి ఇవ్వడం నయం.

కొనేముందు గడ్డి మీద కొట్టి చూడాలి. దుకాణంలోని రబ్బరు చాప మీద సోల్ ఏదైనా జారుతుంది. బంతికి రెండంగుళాల వెనక తగిలిన దెబ్బ కూడా చాప మీద మంచి దెబ్బలా వినిపిస్తుంది. తడి నేల మీద కొన్ని, పొడి నేల మీద కొన్ని, ఇసుకలో కొన్ని బంతులు కొట్టనిస్తేనే ఆ వెడ్జ్ గురించి ఏమైనా తెలిసినట్టు.