కళాశాల విద్యార్థుల రచన: మాండలిక భేదం, రచనా దోషం

కళాశాల విద్యార్థి తెలుగులో ఎలా రాయాలన్న చర్చ కొత్తది కాదు. తెలుగు కాంపోజిషన్ ఉపసంఘం నివేదికతో విభేదిస్తూ గురజాడ అప్పారావు 1914లో ఆంగ్లంలో రాసిన అసమ్మతి పత్రం ఆ చర్చకు ప్రధానమైన ఆధారం. గ్రాంథిక వ్యావహారిక వాదాల చరిత్రలో దానికి తగిన స్థానమే దక్కింది. అయితే ఆ వివాదంలో కేంద్రం కావ్యభాష కాదు, విద్యార్థి రాసే వ్యాసం. తాము మాట్లాడని రూపాల్లో రాయవలసి వచ్చినప్పుడు విద్యార్థుల శ్రమ ఆ రూపాలకే ఖర్చవుతుంది, ఆలోచనకు మిగలదు. వ్యావహారికవాదంలోని బోధనాపరమైన సారం ఇదే.

ఆ వాదం నెగ్గింది. కాని స్థిరపడిన శిష్ట వ్యావహారికం ప్రధానంగా కోస్తా విద్యావంతుల వాడుకపై నిలిచింది. అందువల్ల మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల స్థానిక విద్యార్థులకు అది కూడా కొంతవరకు నేర్చుకోవలసిన భాషే. ఉదాహరణకు, చెరువును గురించిన రెండు వాక్యాలను పరిశీలించవచ్చు. "చెరువు నిండితేనే దాని కింద నాట్లు పడ్తయి, లేకుంటె రైతు బోరు మీద ఆధారపడ్తడు" అన్నది ఒకటి. "మానవ జీవితంలో చెరువులు ఎంతో ముఖ్యమైన పాత్రను పోషిస్తున్నాయి" అన్నది రెండవది. రూపదృష్టితో దిద్దితే మొదటిదానిలోనే తప్పులు కనిపిస్తాయి. కాని కార్యకారణ సంబంధం, పరిశీలన ఉన్నది మొదటిదానిలోనే. రెండవ వాక్యంలో చెరువుకు బదులు అడవి అని రాసినా తేడా రాదు. మాండలిక భేదాన్ని దోషంగా లెక్కించి, అర్థశూన్యతను వదిలివేసే మూల్యాంకనం విద్యార్థిని రెండవ వాక్యం వైపే నడిపిస్తుంది.

ఈ సమస్యకు మరొక కారణం అభ్యాసలోపం. తెలంగాణలో 2018 నాటి చట్టం తెలుగును పదవ తరగతి వరకే తప్పనిసరి చేసింది. ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం సంస్కృతం ఎంచుకొని, ఆపై ఇంజనీరింగులో చేరినవారికి తెలుగులో సొంతంగా రాసే అవసరమే అరుదు.

శిష్టరూపం అక్కరలేదని దీని అర్థం కాదు. భిన్న ప్రాంతాల పాఠకులకు, పరీక్షలకు, ఉద్యోగ వ్యవహారానికి అది ఉపయోగపడుతుంది. దానిని ఎప్పుడు కోరాలన్నదే ప్రశ్న. మొదటి ప్రతిని విద్యార్థి తన పలుకులో రాయాలి. అధ్యాపకుడు ముందుగా విషయాన్ని, వాక్యాల మధ్య సంబంధాన్ని ప్రశ్నించాలి. ఆ ప్రశ్నలకు జవాబుగా విద్యార్థి తిరిగి రాసిన తరువాతనే శిష్టరూపాల దిద్దుబాటు రావాలి. అప్పుడే 1914 నాటి వాదం తెలంగాణ తరగతి గదిలోనూ సార్థకమవుతుంది.