దూరాల పట్టికలు: ఒక విమర్శ

రెండు నగరాల పేర్లు చెప్పగానే వాటి మధ్య ఆకాశమార్గపు దూరాన్నీ, విమాన ప్రయాణానికి పట్టే కాలాన్నీ పక్కపక్కనే చూపే పట్టికలు నేడు విరివిగా లభిస్తున్నవి. ఈ రెండు అంకెలకూ ఒకే విలువ ఇవ్వవచ్చునా అన్నది విచారించదగిన విషయం.

మొదటి అంకెలో తప్పు పట్టవలసినది అంతగా లేదు. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం గల గోళంగా భావించి, రెండు స్థలాల అక్షాంశ రేఖాంశాలను బట్టి మహావృత్త చాపపు పొడవును గణిస్తారు. బంతిమీద రెండు చుక్కల మధ్య దారాన్ని బిగించి లాగితే అది పడే దారియే ఈ చాపం. గోడకు తగిలించిన పటంమీద బద్ద పెట్టి కొలిచే పద్ధతికంటె ఇది ఎంతో మేలు.

చిక్కంతా రెండవ అంకెతోనే. పట్టికలలో చాలా భాగం ఆ దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతోనో, అటువంటి మరొక వేగంతోనో భాగించి ఊరుకుంటవి. ఢిల్లీ, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య మహావృత్త దూరం సుమారు 12,380 కిలోమీటర్లు. భాగిస్తే 13 గంటల 45 నిమిషాలు వస్తుంది. కాని ఆ చాపం సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువ ప్రాంతానికి పోతుంది. విమానాలు ఎల్లప్పుడూ ఆ దారినే పోవు. ఎయిర్ ఇండియా విమానాలు తొలుత అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు పోయేవి. 2016 అక్టోబరులో ఒక విమానం పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు ప్రయాణించి, 14 గంటల 30 నిమిషాలలో గమ్యం చేరింది. దారి 1,400 కిలోమీటర్లు పెరిగింది; కాలం మాత్రం తగ్గింది! పట్టిక లెక్క ప్రకారం దీనికి 17 గంటలు పట్టవలసి ఉన్నది.

కారణం గాలి. గోదావరిలో పడవ నడిపేవానికి ఏటివాలుకూ, ఎదురుకూ గల భేదం ఒకరు చెప్పనక్కరలేదు. విమానానిదీ అదే స్థితి. దాని ఇంజన్లు ఇచ్చే వేగం గాలిని బట్టి కొలిచినది. నేలను బట్టి కాదు. సుమారు 9 నుండి 12 కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి తూర్పుకు జెట్ ప్రవాహమనే బలమైన గాలి వీస్తుంటుంది. పసిఫిక్ మీదుగా తూర్పుకు పోయే విమానానికి అది ఏటివాలు. అట్లాంటిక్ మీదుగా పడమటికి పోయేదానికి ఎదురు. అందువల్లనే న్యూయార్క్ నుండి లండన్‌కు సుమారు 7 గంటలు పడితే, తిరుగు ప్రయాణానికి 8 గంటలు పడుతుంది. పట్టికలో మాత్రం రానూపోనూ ఒకే కాలం!

గాలితోబాటు రాజకీయాలూ దారిని మారుస్తవి. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేయగా, ఢిల్లీ నుండి పశ్చిమానికి పోయే విమానాలు చుట్టుదారి పట్టవలసి వచ్చింది. భూమి మారలేదు, పట్టికలోని దూరమూ మారలేదు, ప్రయాణకాలం మారింది.

ఈ లోపం ప్రయాణీకునికి ఒకటి రెండు గంటల నష్టమే కావచ్చు. విద్యార్థికి కలిగే నష్టం అంతకంటె పెద్దది. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలమని అతడు నేర్చుకుంటాడు. ఏ దారి దూరం, దేనిని బట్టి కొలిచిన వేగం అని అడగడం మాత్రం నేర్చుకోడు. విజ్ఞానం ఆ ప్రశ్నలతోనే ఆరంభమవుతుంది.

కనుక పట్టికలు రచించేవారు దూరానికి ఒక అంకె ఇచ్చినా, కాలానికి రెండు అంకెలు, పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ఇవ్వడం ఉచితం. వాటి కింద గాలిని గురించి ఒక్క వాక్యం చేర్చితే ఆ పట్టికయే ఒక మంచి పాఠమవుతుంది.